మడమ బ్రేకు

ముందు చక్రం బ్రేకు తీగ పోయినప్పుడు
దొంగల పనే అనుకున్నాను.
తానా నగరంలో దొంగలకేం కొదవ,
ఆరేసిన ఒంటి చెప్పునైనా వదలరు.
వారం తిరిగేసరికి వెనక చక్రందీ పోయింది.
ఆ రాత్రి మా అక్క కూతురు బకూలి
అన్నం గిన్నె ముందు తల ఎత్తలేదు.

దాని మంచం కింద ఒక వెదురు బొంగు.
బొంగు ఒంటి చుట్టూ నా బ్రేకులు:
పేట విప్పి, పోగుకు పోగు విడదీసి,
సొరబుర్ర పెంకుల మీద ఎత్తి కట్టినవి.
వలీహా అంటాం మేం దాన్ని.
మా ముత్తాతల నాడు వెదురు నారే తీగ అట,
ఇప్పుడు సైకిళ్ళను అడుక్కోవాలి.

తిట్టడానికే నోరు తెరిచాను.
గోటితో ఒక్క తీగ మీటింది.
తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

బడికి తీసుకెళ్ళాను. కొండ మీద సంగీతం బడి,
ఎర్ర ఇటుకల మేడ,
గేటు దగ్గర ఊదాపూలు ఊడుస్తూ ఒక మనిషి.
గోడ మీద ఫీజుల కాగితం.
అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు నాకు, పాలవాణ్ణి:
ఆరు, దాని వెనక ఐదు సున్నాలు.
ఐదు చక్రాల బండి.
నా సైకిలుకున్నవి రెండే.
గుమాస్తా మంచివాడే, పాపం.
"స్వరాలు చదవగలదా?" అన్నాడు.
"రాసినవి రావు, మోగినవి వస్తాయి" అంది పిల్ల.
అతను నవ్వాడు.
నవ్వుకు ఫీజు లేదు కనక మేమూ నవ్వి
మెట్లు దిగి వచ్చేశాం.

మరి శ్రుతి ఎవరు పెట్టాలి?
నా పాల క్యాను పెట్టింది.
చెంచాతో దాని నడుం మీద కొట్టి
ఆ మోతకు మొదటి తీగ కలుపుకునేది.
ఖాళీ క్యానైతేనే సుమా.
అడుగున రెండు లీటర్లు మిగిలితే
క్యాను గొంతు మారిపోతుంది,
ఆ రోజు సాధన లేదు.
అందుకే ఆ ఏడు నేను పాలమ్మినట్టు
ఎవరూ అమ్మి ఉండరు.
మెట్ల మీది ముసలమ్మలకు అరువులిచ్చాను,
ఆఖరి గ్లాసు పిల్లులకు పోశాను.
లాభం ఎంత అని మా అక్క అడిగితే
లోపల మోగేదాన్ని వేలితో చూపించాను.

పోయినవాళ్ళ ఎముకలకు కొత్త బట్ట చుట్టే పండగల్లో
రజావునా అని ఒక ముసలాయన వాయించేవాడు.
ఈ పిల్ల వేళ్ళు దొంగిలిస్తోందని
వీపు తిప్పి కూర్చునేవాడు.
వేళ్ళు దాచాడు గానీ
మోచేతులు ఎక్కడ దాస్తాడు?
ఆ మోచేతుల నుంచే నేర్చింది,
సగం సరిగ్గా, సగం తప్పుగా.
ఆ తప్పు సగమే నాకెక్కువ ఇష్టం.

మాది కొండల ఊరు. ఎక్కడం కాళ్ళ పని,
దిగడం మడమ పని.
టైరు చెప్పు రాళ్ళకు రాసుకుంటూ
పొగ వాసన వేస్తుంది.
నాలుగు జతలు అరిగాయి. ఒకసారి
క్యాబేజీల బండిని గుద్ది మోకాలు పగిలింది.
తొమ్మిది రోజులు పడుకున్నాను,
తొమ్మిది రోజులూ ఒకే పాట,
మధ్యలో ఒక చోట ఎప్పుడూ ఆగిపోయేది.
పదో రోజు లేచి కుంటుతూ సైకిలెక్కితే
వెనకనుంచి ఆగకుండా వినిపించింది.
తిరిగి చూడలేదు. చూస్తే పడిపోయేవాణ్ణి.

మొన్న శనివారం రైలు స్టేషను పక్క హోటల్లో
వచ్చినవాళ్ళు భోంచేస్తుంటే వాయించింది.
టోపీలో విసరలేదు,
కవరులో పెట్టి ఇచ్చారు.
సాయంత్రం నా ముందు చుట్ట పెట్టింది:
కొత్త బ్రేకు తీగ, గ్రీజు మెరుస్తూ.

చేతిలో తిప్పి తిప్పి చూశాను.
వలీహా మీద రెండు తీగలు తుప్పెక్కాయి,
నిన్న ఒకటి తెగింది.
నాకు తెలుసు. నాకు తెలుసని దానికీ తెలుసు.
"బిగించుకో మామయ్యా" అంది.
"రేపు" అన్నాను.

చెప్పులు కుట్టేవాడికి
ఇంకో జత చెప్పి ఉంచాను.